పారాయణం చేస్తున్నానని అమ్మకి అబద్ధం చెప్పాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న:

పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది, సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె డిగ్రీ కాలేజీలో లెక్చరర్. పల్లెటూళ్ళో అన్నయ్య దగ్గరుంటున్న తల్లికి నిరుడు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, ఆ తర్వాత కీమో. సెలవులన్నీ వాడేసి ప్రతి కీమోకీ తల్లి పక్కనే ఉన్నారు. ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి తల్లి తన లలితా సహస్రనామం పుస్తకం ఈమె చేతిలో పెట్టి, "నాకు ఓపిక లేదు. తగ్గేదాకా రోజూ నువ్వు చదువు తల్లీ" అంది. అంచులు నలిగి, పసుపు మరకలు పడ్డ పుస్తకం. సరేనన్నారు. మర్నాడు ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని తెరిచారు కూడా. "ధ్యాన శ్లోకం దాటలేకపోయాను. చదువుకునే రోజుల్లోనే నాలో నమ్మకం పోయింది. అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. ఆ పూట చదువుతుంటే నటిస్తున్నట్టు అనిపించి మూసేశాను" అని రాశారు.

ఆ తర్వాత రోజూ రాత్రి ఫోన్లో అదే మాట. "పారాయణం అయిందా తల్లీ?" "అయిందమ్మా."

ఇప్పుడు తల్లి కోలుకుంది. స్కానింగులు బాగున్నాయి. తనని బతికించింది కూతురి పారాయణమేనని ఊరంతా చెబుతోంది. కార్తీకంలో సత్యనారాయణ వ్రతం మొక్కుకుంది, కూతురూ అల్లుడే పీటల మీద కూర్చోవాలట. వీధిలో ఒకావిడ రొమ్ములో గడ్డలాంటిది ఉందని వస్తే, ముందు నలభై ఒక్క రోజులు పారాయణం చెయ్యి, ఆస్పత్రి సంగతి తర్వాత చూద్దువుగాని అని ధైర్యం చెప్పి పంపిందట.

భర్త, "జరిగిందేదో మంచికే జరిగింది, ఎందుకు కెలుకుతావు?" అంటున్నారు. మేనమామగారు శుక్రాచార్యుడి పద్యం చదివి, ప్రాణం మీదికొచ్చినప్పుడు బొంకవచ్చని పోతనే చెప్పాడన్నారు. తత్వశాస్త్రం చదువుకున్న స్నేహితురాలు మాత్రం, "హంతకుడు తలుపు కొట్టి అడిగినా అబద్ధం ఆడకూడదన్నాడు జర్మన్ తత్వవేత్త కాంట్. నువ్వు చేసింది ఏ లెక్కనా తప్పే" అని తేల్చేసింది. ఈమెకి రాత్రుళ్ళు నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. "అమ్మకి నిజం చెప్పాలా? వ్రతంలో కూర్చోవచ్చా? కాంట్ నిజంగా అలాగే అంటాడా?" ఇవీ ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన మనిషి దగ్గర మొదలుపెడతాను. వీధిలో ఉన్న ఆవిడ. మీ అమ్మగారికి నిజం చెప్పాలా వద్దా అన్నది నెలరోజులు ఆలోచించి తేల్చుకోవచ్చు. ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఈ వారంలోనే జరగాలి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, కానీ అవునో కాదో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చెప్పాలి. మీ గుట్టు ఏదీ విప్పకుండానే ఈ పని చేయవచ్చు. అమ్మకి ఫోన్ చేసి, "పారాయణం చేసుకోమను, నేను కాదనను. కానీ నువ్వు ఆపరేషన్ చేయించుకున్నావు కదా, ఆవిడనీ పరీక్ష చేయించుకోమను. నువ్వే వెంట వెళ్ళు" అనండి. ఇందులో అబద్ధం లేదు. అమ్మగారి మాట విని ఆగిన మనిషి, అమ్మగారి మాట వినే బయలుదేరుతుంది. అలా కుదరకపోతే మీ వదినగారిని పంపండి. ఈ పని అయ్యాకే కింది మాటలు చదవండి.

ఇక కాంట్. మీ స్నేహితురాలు చెప్పింది నిజమే, కానీ సగమే. 1797లో ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ ఒక వాదన లేవదీశాడు. నిజం చెప్పడం అనే బాధ్యత, ఆ నిజం తెలుసుకునే హక్కు ఉన్నవాళ్ళ పట్ల మాత్రమే ఉంటుందని, హంతకుడికి ఆ హక్కు లేదని. డెబ్బై దాటిన కాంట్ దానికి జవాబుగా చిన్న వ్యాసం రాశాడు. నీ ఇంట్లో దాక్కున్న స్నేహితుడి కోసం హంతకుడు వచ్చి అడిగినా సరే, జవాబు చెప్పక తప్పని చోట అబద్ధం చెప్పే హక్కు నీకు లేదన్నాడు. ఆ మాట ఆయన తర్వాత వచ్చిన ఎందరో తత్వవేత్తలకి మింగుడుపడలేదు. నాకూ పడదు. ప్రాణం తీయడానికి వచ్చినవాడికి నేను అబద్ధమే చెబుతాను.

అయితే ఆ వ్యాసంలో ఇంకో మాట ఉంది. అబద్ధం ఎంత మంచి మనసుతో ఆడినా, ఆడాక అది ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. అప్పుడు వచ్చే ఫలితాలకి, ముందుగా ఊహించనివాటికి కూడా, ఆడినవాడే జవాబుదారీ అంటాడు. హంతకుడి కథ కన్నా మీకు పనికొచ్చేది ఈ మాట. మీరు అమ్మకి ధైర్యం చెప్పడానికి "అయిందమ్మా" అన్నారు. ఆ మాట అమ్మ దగ్గర ఆగలేదు. ఊళ్ళోకి వెళ్ళి, మీకు ముఖపరిచయం కూడా లేని ఒకావిడ వైద్యం ఆగే దాకా వచ్చింది. మిమ్మల్ని నిందించడానికి చెప్పడం లేదు. మీరు నిజంగానే రోజూ చదివి ఉన్నా అమ్మగారు ఆవిడకి అదే సలహా ఇచ్చి ఉండేవారేమో. కానీ అప్పుడు మీరు నోరు తెరిచి అడ్డుచెప్పగలిగేవారు. ఇప్పుడు ఆ నోరు నొక్కుకుపోయింది. మీ భర్తగారు "జరిగిందేదో" అంటున్నారు కానీ, ఇది జరిగిపోయిన విషయం కాదు, ఇంకా నడుస్తున్నది.

మీ మేనమామగారి పద్యం సంగతీ చూద్దాం. భాగవతంలో శుక్రుడు ఆ మాట చెప్పింది బలికి. దానమిస్తానన్న మాట వెనక్కి తీసుకోమని, రాజ్యం కాపాడుకోమని. అంతా విన్న బలి ఏం చేశాడు? ఆడిన మాట తప్పలేనని వామనుడికి మూడడుగులూ ధారపోశాడు. పోతన పద్యం మనందరికీ నోటికొచ్చు, కానీ అది సలహా ఇచ్చినవాడి మాట. కథ ఆ సలహా ప్రకారం నడవలేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు అన్న మాటలో న్యాయం లేదనను. ఆపరేషన్ ముందురోజు రాత్రి భయపడుతున్న తల్లికి మీరు సరేననడాన్ని ఏ మనిషీ తప్పుపట్టడు. పైగా అప్పుడు మీరు చదువుదామనే అన్నారు. 1785 నాటి పుస్తకంలో కాంట్ దొంగ వాగ్దానానికి ఇచ్చిన ఉదాహరణ వేరు. తీర్చలేనని తెలిసీ, తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకున్నవాడు అతను. మీరిచ్చిన మాట అలాంటిది కాదు, నిలబెట్టుకోలేకపోయిన మాట. తప్పు మొదలైంది ఆ మర్నాటి నుంచి, ఫోన్లో. ఈ రెండింటినీ విడదీసి చూసుకోండి. మీరు మొత్తం ఏడాదిని ఒకే మూటకట్టి నెత్తిన పెట్టుకున్నారు.

ఇప్పుడు మీకు తప్పకుండా తెలియాల్సిన మనిషి గురించి చెబుతాను. 1791లో ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫర్ట్ నుంచి మరియా ఫాన్ హెర్బర్ట్ అనే యువతి కాంట్‌కి ఉత్తరం రాసింది. భక్తుడు దేవుణ్ణి పిలిచినట్టు మిమ్మల్ని పిలుస్తున్నానంది. తను ప్రేమించిన మనిషి దగ్గర తన పాత ప్రేమ సంగతి దాచి, చివరికి చెప్పేసింది. చెప్పాక అతని మనసు విరిగిపోయింది. కాంట్ పుస్తకాలు చదివిన మనిషి కాబట్టి, ఆయన నీతిలోనే తనకి ఊరట వెతికింది. కాంట్ మరుసటి ఏడాది జవాబిచ్చాడు. ఉపన్యాసంలా మూడు భాగాలు చేశాడు: బోధ, మందలింపు, ఓదార్పు. బోధలో ఒక గొప్ప తేడా చూపించాడు. మనసులో ఉన్నదంతా చెప్పకుండా ఉండటం వేరు, లేనిది ఉన్నట్టు చెప్పడం వేరు. మొదటిది మనుషుల స్వభావంలోని పరిమితి, దాన్ని ఓర్చుకోవచ్చు. రెండోది మనిషి మీద నమ్మకాన్నే చంపుతుంది. బోధ బాగుంది, మందలింపు పొడుగ్గా ఉంది, ఓదార్పు దగ్గరికొచ్చేసరికి కలం పలచబడింది. 1793 మొదట్లో ఆమె మళ్ళీ రాసింది. నైతికంగా చేయాల్సినవన్నీ సులువుగా చేయగలుగుతున్నానని, కానీ లోపల అంతా ఖాళీగా ఉందని, బతకాలని లేదని. దానికి ఆయన ఆమెకి జవాబు రాయలేదు. ఆ ఉత్తరాలని మరో అమ్మాయికి పంపాడు, ఇలా తయారుకావద్దని హెచ్చరికగా. 1803లో మరియా ప్రాణం తీసుకుంది.

కాంట్ మీద నాకు ఎంతో గౌరవం ఉన్నా, ఈ ఒక్క విషయంలో ఆయన్ని క్షమించలేను. ఒక మనిషి తప్పు చేశానని రాసినప్పుడు, తప్పుకి మాత్రమే జవాబు రాయడం చాలదు. అందుకే మీ నిద్ర గురించి, తిండి గురించి అడుగుతున్నాను. ఏడాదిగా ఆస్పత్రికీ కాలేజీకీ మధ్య పరుగెత్తిన శరీరం మీది. అపరాధభావం అనుకుంటున్నదాంట్లో అలసట ఎంత ఉందో, కుంగుబాటు ఎంత ఉందో ఒక డాక్టరు చూడాలి. ముందు మీకు తెలిసిన డాక్టరుకి చూపించుకోండి, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అమ్మతో మాట్లాడటం కన్నా ఇది ముందు జరిగినా నష్టం లేదు.

కాంట్ చెప్పిన ఆ తేడా దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయన దాన్ని తన జీవితంలోనూ వాడుకున్నాడు. 1766లో తోటి తత్వవేత్త మోజెస్ మెండెల్సన్‌కి రాసిన ఉత్తరంలో, నేను గట్టిగా నమ్మేవాటిలో చాలా సంగతులు చెప్పే ధైర్యం నాకు ఎప్పటికీ రాదు, కానీ నేను నమ్మనిది మాత్రం ఎన్నడూ చెప్పను అన్నాడు. 1793లో మతం మీద పుస్తకం అచ్చువేశాక ఆయన దేశం ప్రష్యాకి రాజైన రెండో ఫ్రెడరిక్ విలియం ఆయన్ని గట్టిగా హెచ్చరించాడు. ఆ పుస్తకంలో ఆయన అన్నది ఇదీ: మంచిగా బతకడం కాక, దేవుణ్ణి మెప్పించడానికి ఇంకేదో చేయవచ్చని మనిషి అనుకుంటే అది భ్రమ. కాంట్ తన మాట వెనక్కి తీసుకోలేదు. రాజావారి విధేయుడైన ప్రజగా మతం గురించి ఇక బహిరంగంగా మాట్లాడనని రాసిచ్చాడు. చెప్పే ప్రతి మాటా నిజమై ఉండాలి, కానీ ప్రతి నిజాన్నీ చాటడం విధి కాదన్నది ఆయన సమర్థన. 1797లో రాజు చనిపోగానే, ఆ మాట ఆ రాజు బతికున్నంత వరకే అని చెప్పి మళ్ళీ రాశాడు.

ఇందులో మీకు ఒక దారీ ఉంది, ఒక హెచ్చరికా ఉంది. మీకు నమ్మకం పోయిన సంగతి ఇన్నేళ్ళు అమ్మకి చెప్పకపోవడం అబద్ధం కాదు. ఆ మౌనం మీద మీకు హక్కుంది. మనలో ఎంతమంది ఇళ్ళలో పూజగది ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఎవరి సంగతి వాళ్ళు మనసులో పెట్టుకోవడం లేదు? దాన్నీ ఫోన్లో మాటల్నీ ఒకే గాటన కట్టకండి. హెచ్చరిక ఏమిటంటే, రాజుకి రాసిచ్చిన మాటలో కాంట్ కొంచెం గడుసుతనం చూపించాడు. పైకి ఒక అర్థం వచ్చేలా, లోపల ఇంకోటి దాచుకునేలా. మీరూ అలాంటి మాట వెతుక్కునే ప్రమాదం ఉంది. "నువ్వు చేసిన సేవే పారాయణం" అని మిమ్మల్ని ఎవరైనా ఓదారుస్తారు. కాంట్ లెక్కలో అది నిజం కూడా. విధుల్ని దైవాజ్ఞలుగా చూడటమే మతమన్నాడాయన. వార్డులో వాంతుల గిన్నె పట్టుకుని కూర్చున్న రాత్రులు ఆ మతంలో దేనికీ తక్కువ కావు. ఆ మాటతో మీరు ఊరట పొందండి. కానీ అమ్మ అడిగింది ఆ పుస్తకం గురించి. మనసులో ఆ సేవని తలచుకుని, పైకి "అయిందమ్మా" అంటే అది మళ్ళీ అదే అబద్ధం.

ఇక మీ ముందున్న దారులు.

ఎప్పటికీ చెప్పకుండా ఉండిపోవచ్చు. మీ భర్తగారి దారి అది. ప్రస్తుతానికి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ వ్రతం రోజు మీరు నలుగురి ముందు ఆ అబద్ధానికి కృతజ్ఞతగా పీటల మీద కూర్చోవాలి. రేపు అమ్మకి జలుబు చేసినా పారాయణం మీ మీదే పడుతుంది. జబ్బు తిరగబెడితే, అలా జరగకూడదని కోరుకుంటాను, కానీ ఏడాదికోసారి స్కానింగుకి వెళ్ళే ఇళ్ళలో ఆ భయం ఉంటుంది, చదవడంలో ఎక్కడ లోపం జరిగిందోనని ఆవిడ వెతుక్కుంటుంది. అప్పుడు మీ పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి.

పాత సంగతి ఎత్తకుండా, ఈ రాత్రి నుంచి కొత్త అబద్ధం ఆడకుండా ఉండొచ్చు. తగ్గేదాకా అన్న గడువు తీరింది కాబట్టి, "నీకు తగ్గింది కదమ్మా, ఇక ఆ పుస్తకం నీకే తెచ్చిస్తాను" అనొచ్చు. ఇందులో ప్రతి మాటా నిజం. అమ్మకి ఇంకా నీరసంగా ఉంటే, కొన్నాళ్ళు ఇలా ఉండటం తప్పు కాదు. అయితే ఇది ఆగి ఊపిరి తీసుకునే చోటు మాత్రమే, ఇల్లు కట్టుకునే చోటు కాదు. ఆవిడ "అప్పుడు రోజూ చదివావు కదూ?" అని సూటిగా అడిగిన రోజున మౌనం కూడా అవుననే చెబుతుంది.

వ్రతానికి ముందే, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పొచ్చు. నా మొగ్గు ఇటే, కారణం కాంట్ చెప్పినదే కానీ హంతకుడి కథ కాదు. మనిషిని కేవలం సాధనంగా చూడకూడదని, ఆ మనిషికీ సొంత ఆలోచన, సొంత నిర్ణయం ఉన్నాయని గుర్తించాలని ఆయన అన్నాడు. మీ అమ్మగారు ఇప్పుడు మొక్కులు మొక్కుతున్నారు, జనానికి సలహాలు ఇస్తున్నారు, తన బతుకు కథని తనకి తాను చెప్పుకుంటున్నారు. అవన్నీ మీరు చేతిలో పెట్టిన ఒక చెల్లని నోటు మీద నడుస్తున్నాయి. ఆపరేషన్ గదికి వెళ్ళే మనిషి నుంచి నిజం దాచడానికి ఒక కారణం ఉంది. వీధిలో వాళ్ళకి ధైర్యం చెప్పేంత కోలుకున్న మనిషి నుంచి దాచడం, ఆవిడ తట్టుకోలేదని మీరే తీర్మానించడం.

బాధపడతారా? పడతారు. ఏడవొచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. "నీకు దోషం తగులుతుందేమో" అని మీ కోసమే భయపడొచ్చు. అప్పుడు వాదించకండి. ఆవిడ మీ పేరున ఏదైనా పరిహారం చేయిస్తానంటే చేయించుకోనివ్వండి. చెప్పేటప్పుడు దేవుడి గురించి చర్చ పెట్టుకోవద్దు. మీ నమ్మకం లేకపోవడం ఒక సంగతి, మీరు చదవకపోవడం ఇంకో సంగతి. అమ్మకి బాకీ ఉన్నది రెండోది. "మొదటి రోజు తెరిచానమ్మా, చదవలేకపోయాను. నువ్వు భయపడతావని అయిందని చెప్పాను. అది తప్పు" అంటే చాలు. ఎందుకు చదవలేకపోయావని అడిగితే, అప్పుడు నిజం చెప్పండి, ఆవిడ అడిగినంత వరకే.

కాంట్ తల్లి కూడా గొప్ప భక్తురాలు. ఆయన పదమూడో ఏట పోయింది. పెద్దయ్యాక కాంట్ ఆ భక్తిమార్గాన్ని వదిలేశాడు, బడిలో బలవంతంగా చేయించిన ప్రార్థనలంటే చివరిదాకా వెగటే. అయినా తనలో మంచికి మొదటి విత్తనం నాటింది అమ్మేనని శిష్యుడితో చెప్పుకున్నాడు. అమ్మ విశ్వాసాన్ని వదిలేయడమూ, ఆ విశ్వాసం గల అమ్మని తక్కువ చేయకపోవడమూ రెండూ ఒకే మనిషికి సాధ్యమే.

పీటల ప్రశ్నకి నా జవాబు, అమ్మకి తెలిశాక అయితే కూర్చోవచ్చు. 1797 నాటి నీతిగ్రంథంలో కాంట్ ఒక ప్రశ్న వేస్తాడు. ఉత్తరం చివర "మీ విధేయుడు" అని మర్యాదకి రాస్తే అది అబద్ధమా అని. దాంతో ఎవరూ మోసపోరని అక్కడే అంటాడు. అమ్మకి మీ సంగతి తెలిసి, అయినా పక్కన కూర్చోమంటే, మీరు కూర్చోవడం అమ్మ మీద ప్రేమతో అని ఇద్దరికీ తెలుసు. అక్కడ మోసపోయేవాళ్ళు లేరు. తెలియకముందు కూర్చుంటే మాత్రం ఆవిడ మోసపోతున్నట్టే. కాంట్ అయితే ఏ రకంగానూ కూర్చోకపోవచ్చు. యూనివర్సిటీ ఊరేగింపు చర్చి దాకా వస్తే ఆయన గుమ్మం దగ్గరే పక్కకి తప్పుకునేవాడని చెబుతారు. ఆ గుమ్మం దగ్గర ఆగాలో లోపలికి వెళ్ళాలో మీ ఇష్టం. మీకు కష్టంగా ఉంటే అన్నయ్యా వదినా పీటల మీద కూర్చుంటారు, మీరు ప్రసాదం కలుపుతారు. దానికీ పరువు తక్కువ ఏమీ లేదు.

ఇంకో దారి మీకు తట్టలేదేమో. చెప్పేశాక, అమ్మకి కోరికగా ఉంటే, ఇప్పుడు ఆ పుస్తకం ఆవిడకి చదివి వినిపించండి. ఫోన్లోనో, ఊరెళ్ళినప్పుడు పక్కన కూర్చునో. నాకు నమ్మకం లేదమ్మా, నీకు వినాలని ఉంటే చదువుతానని ముందే అనండి. అది నటన కాదు. కళ్ళు లాగుతున్న తల్లికి కూతురు చదివిపెట్టడం. మీ గొంతుకి అది కూడా అబద్ధంలాగే తోస్తే మానేయండి, బలవంతం లేదు.

ఈ సంగతి మేనమామగారి చేతో వదినగారి చేతో అమ్మకి చెప్పించకండి. అమ్మ దాన్ని మీ నోటి నుంచే వినాలి. కార్తీకం దగ్గరపడ్డాక, సరుకులు తెచ్చి చుట్టాల్ని పిలిచాక చెప్పకండి, అప్పుడు ఆవిడకి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. వచ్చే చెకప్ రిపోర్టు రానివ్వండి. డాక్టరుగారు బాగుందన్నాక, ఇంటికి తీసుకెళ్ళి రెండు రోజులు అక్కడే ఉండేలా సెలవు పెట్టుకుని చెప్పండి. చెప్పి మర్నాడే బస్సెక్కి వచ్చేయవద్దు.